నడిమి సీటు

పొద్దున అల్లుడు తిరిగి చూడకుండా కారులో నడిమి సీటు వెనక్కి తోశాడు. చివరి వరసలో కూర్చున్న అత్తగారి పాదం దాని కింద నలిగింది. "ఆవిడే మీట లాగేశారు" అన్నాడు ఇంటిల్లిపాదితో. అల్లుడు కదా, అబద్ధం కూడా చక్కగా అల్లాడు. ఆసుపత్రి మంచం మీద అత్తగారు అతన్ని ఓసారి చూసి కళ్లు మూసుకున్నారు.

చీకటి పడ్డాక, షెడ్డులో ఒక్కడే ఆ సీటు సరిచేయబోయాడు. టక్కుమని లాకు పడలేదు. టార్చి వేస్తే పట్టాల మీద ఏమీ లేదు. మళ్లీ తోశాడు. మెత్తగా ఏదో అడ్డుపడింది.

"మెల్లగా, అల్లుడుగారూ!" సీటు కింద అత్తగారి గొంతు.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "పొద్దున తోసింది నేనే, అత్తయ్యా."

"నాకెందుకు చెప్పడం? అమ్మాయికి చెప్పండి."

ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి భార్య. "అమ్మ ఇప్పుడే లేచిందండీ. మీరు నాకేదో చెప్పాలట. ఏంటది?"

సీటు కింద ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు.