ముందు ఆ అమ్మాయికి

"నొప్పులు తెలియకుండా మాస్కుతో గ్యాసు పీలుస్తారా, తొడకి ఇంజెక్షన్ వేయమంటారా, నడుములో ఎపిడ్యూరల్ మందు పెట్టించమంటారా?" అని అడిగింది నర్సు.

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు జవాబు చెప్పేసింది.

"ఏదీ వద్దు. ఓర్చుకుంటుంది."

ఓర్చుకునేది తను కాదు కాబట్టి ఆవిడకి మాట తేలిగ్గానే వచ్చింది.

ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. పొద్దుటి నుంచి మంచం పక్కన నిలబడి "పీల్చు! వదులు!" అని ఒకటే హుకుం. మెడలో ఈల ఒక్కటే తక్కువ.

కోడలికి ఇది తొలి కాన్పు. నడుములో మందు పెట్టించుకోవాలని ఎప్పుడో అనుకుంది. అప్పుడు "నీ ఇష్టమే నా ఇష్టం" అన్న భర్త, ఇప్పుడు తల్లి మొహం ఒకసారీ పెళ్లాం మొహం ఒకసారీ చూస్తూ గోడ మీది పిల్లిలా నిలబడ్డాడు.

"వెన్నులో సూది గుచ్చితే జన్మంతా నడుం నొప్పేనట," అంది అత్తగారు.

"అలా ఏం కాదమ్మా. గుచ్చినచోట కొన్నాళ్లు సలుపు ఉంటే ఉండొచ్చు, అంతే," అంది నర్సు.

"సరే, నొప్పి తెలియకుండా కంటే బిడ్డ మీద ప్రేమెలా పుడుతుంది?"

నర్సు కోడలి చేతికి బీపీ పట్టీ చుట్టడం మొదలెట్టింది.

కోడలికి మళ్లీ నొప్పి వచ్చింది. మంచం ఊచ పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. అమ్మ పోయి ఏళ్లయింది గానీ, అమ్మ ఉంటే బాగుండునని ఇంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు.

"అమ్మా!" అని అరిచింది.

గదిలో ఇంకో మంచం ఉంది. మధ్యలో ఆకుపచ్చ తెర. అవతలి నుంచి సన్నటి మూలుగు తప్ప మాట లేదు.

"ఎందుకా కేకలు? ఆ తెర వెనక అమ్మాయిని చూసి నేర్చుకో. ఆ పిల్లకీ నొప్పులే కదా, కిక్కురుమందా?" అంది అత్తగారు.

తెర వెనకున్న ఆమె గొంతు విప్పింది.

"పిన్నిగారూ, నన్ను చూపించి ఆ అమ్మాయిని దెప్పకండి. ఆ మందు కావాలని పొద్దున్నే అడిగినదాన్ని నేను. మత్తు డాక్టరుగారి కోసమే చూస్తున్నాను."

అత్తగారు తెర వైపు తిరిగింది.

"ఇక ప్రేమంటారా..." ఒక నొప్పి పోయేదాకా ఆగి మళ్లీ అంది ఆమె. "అది కాన్పు దాకా ఆగదు పిన్నిగారూ. బిడ్డ మొదటిసారి కదిలిన రోజే పుట్టేస్తుంది. మీకు మాత్రం తెలీదా?"

అత్తగారు కొడుకు వంక చూసింది. ఏం గుర్తొచ్చిందో, పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"నాకా మందు కావాలి అత్తయ్యా," అంది కోడలు. అడిగినట్టు కాదు, చెప్పినట్టు అంది.

"సరేలే. నీ ఒళ్లు, నీ ఇష్టం."

అంతలో మత్తు డాక్టరు హడావిడిగా వచ్చాడు.

"అర్జెంటు ఆపరేషనుంది. వెళ్లేలోగా ఒక్కరికే పెట్టగలను. రెండోవాళ్లు నేనొచ్చేదాకా ఆగాలి. ముందెవరు అడిగారు?"

నర్సు తెర వైపు చూపించింది. కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముందు ఆ అమ్మాయికి పెట్టండి డాక్టరుగారూ. నేను ఆగుతాను," అంది తెర వెనక గొంతు.

"అయ్యో అక్కా! వంతు మీది కదా!"

"ఓపిక మిగుల్చుకో చెల్లీ. పుట్టాక ఎత్తుకోవడానికి చేతుల్లో బలం ఉండద్దూ?"

సూది గుచ్చేటప్పుడు కదలకూడదన్నాడు డాక్టరు. తెర పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. కోడలు గోళ్లు దిగేలా పట్టుకుంది. ఆ చెయ్యి వెనక్కి పోలేదు.

మెల్లగా నొప్పి తగ్గింది. కోడలు ఓ కునుకు కూడా తీసింది. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టి, గది దద్దరిల్లేలా ఏడ్చింది.

"అమ్మో, ఏం గొంతే! అచ్చం నా పోలికే," అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ.

"అక్కా, విన్నావా?" అంది కోడలు.

తెర వెనక ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆమె మొహం చూడకుండానే కోడల్ని వార్డుకి మార్చేశారు.

మర్నాడంతా కోడలి చూపు గుమ్మం మీదే. ఆ గొంతు ఇంకోసారి వినాలని, ఆ చేతుల్లో బిడ్డను పెట్టాలని ఒకటే ఆరాటం. వరండాలో ఏ ఆడమనిషి అడుగుల చప్పుడైనా తల ఎత్తి చూసేది.

"నేనూ ఆ పిల్లతో రెండు ముక్కలు మాట్లాడాలి," అంది అత్తగారు. "ఇద్దరు పిల్లల్నీ పక్కపక్కన పడుకోబెట్టి చూడాలి."

నిన్నటి నర్సు వార్డులోకి రాగానే కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్క ఏ మంచంలో ఉంది? మందు పెట్టారా తనకి?"

"లేదమ్మా. డాక్టరుగారు తిరిగొచ్చేసరికే కాన్పయిపోయింది. పొద్దున్నే ఇంటికి వెళ్లిపోయింది."

"పచ్చి బాలింత, అప్పుడే వెళ్లిపోవడమేంటి?" అంది అత్తగారు. "ఇంతకీ ఎవరు పుట్టారు?"

నర్సు వంగి, నిద్రపోతున్న పసిదాని దుప్పటి సర్దింది.

"బిడ్డ కడుపులోనే పోయిందని తెలిశాకే కాన్పుకి చేరిందమ్మా. వేరే గది ఇస్తామంటే, ఎవరి బిడ్డదైనా సరే, ఒక్క ఏడుపు విని వెళ్తానని ఆ మంచం కావాలని అడిగింది."