వాసన చూసిన ముద్ద

పేగుల్లో చేరిన క్రిములకు చిల్లు పెట్టి చంపే ప్రొటీన్ చుక్కలు అందరికీ వేశాక, ఊళ్లో ఎవరూ పాసిపోయిన కూర పారేయడం లేదు. హైమవతి ఒంటికి ఆ చుక్కలు పడలేదు. తెలిస్తే సంబంధం తప్పిపోతుందని పుట్టింటివాళ్లు దాచి పెళ్లి చేశారు.

అత్తగారు మొన్నటి పులుసు వడ్డించింది. హైమవతి ముద్ద కలిపి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏంటి వదినా, పిల్లిలా వాసన చూస్తున్నావ్?" ఆడపడుచు మైథిలి నవ్వింది.

అత్తగారు నవ్వలేదు. మింగితే ఆస్పత్రి, మానితే పుట్టిల్లు. హైమవతి ముద్ద నోటిదాకా తెచ్చింది.

అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది.

"నీకు చుక్కలు పడలేదు కదూ?"

హైమవతి తలూపింది.

"ప్రాణం మీదికి తెచ్చుకుంటావా, మొద్దూ! మైథిలీ, పొయ్యి వెలిగించు. మీ అన్నయ్యకు మాత్రం చెప్పకు."