నెమ్మదిగా అని రాసిన చోట

పియానో మీద ఆమె వేళ్ళు మళ్ళీ అదే చోట ఆగిపోయాయి. పక్కన నిలబడి వయొలిన్ వాయిస్తున్న కొత్తాయన కమాను దించాడు.

"ఇంక నావల్ల కాదు," అంది, పేజీలు తిప్పుతున్న మరిదితో. "మీ అన్నయ్యైతే నా మొహం చూసి వాయించేవారు. ఈయనకి మన భాష ఒక్క ముక్క రాదు. కచేరీ మానేద్దాం."

"ఎలా వాయించాలో చెప్పే మాటలు కాగితం మీదున్నాయిగా, వదినా."

"అవీ మనవి కావు. ఇటలీ వాళ్ళవి."

"స్వరాల పక్కన ఇలా రాయడం ముందు వాళ్ళు అలవాటు చేశారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మార్చకుండా ఉంచేసుకున్నారు. దేవుడి ముందు మంత్రం చదివేటప్పుడు ఆ మాట మనదా, కాదా అని చూస్తామా?"

భర్త పోయాక ఎవరి మాటా ఆమె లోపలికి దిగడం లేదు.

కొత్తాయన ముందుకు వంగి, కమాను కొనతో 'ఎ టెంపో' అన్న మాట చూపించాడు. మళ్ళీ మునుపటి వేగం అందుకోమని. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఆమెకు చెబుతున్నదీ అదే.

ఆమె కాసేపు దాన్నే చూసింది. తర్వాత దానికి ముందున్న 'రాలెంటాండో' మీద వేలు పెట్టింది. ఇంకా నెమ్మదిగా అని.

ఆయన తలూపాడు. కమాను ఎత్తి పట్టుకుని, ఆమె వేళ్ళు కదిలేదాకా ఆగాడు.