మెడ మీద దెబ్బ

“గీ దెబ్బకు మనిషి నిజంగనే పడిపోతడా సార్?”

అంబదాస్ ఫోను ముందుకు చాచాడు. కరాటే మాస్టర్ సదానందం తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ తొంగి చూశాడు. జపాన్ బొమ్మల సినిమా. తెల్లజుట్టు కుర్రాడొకడు కాపలావాడి వెనక చేరి, అరచేతి అంచుతో మెడ మీద ఒక్కటిచ్చాడు. కాపలావాడు కిక్కురుమనకుండా నిద్రపోయినట్టు ఒరిగిపోయాడు.

సదానందానికి నవ్వొచ్చింది. కరీంనగర్‌లో ఆయన దగ్గర నేర్చుకునే పిల్లలందరికీ ఈ యానిమే పిచ్చే. నేల మీద సరిగా నిలబడటం రాదు గానీ గాల్లో పల్టీలు నేర్పమంటారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు.

“గవన్నీ ఉత్తయే అన్నా. కొట్టెటోడు ముందుగాల దెబ్బ పేరు చెప్పి మరీ ఒర్రుతడు. వాడు ఒర్రేదాంక ఎదుటోడు ఊకుంటడా? పండ్లు రాలగొడ్తడు.”

అంబదాస్ నవ్వలేదు. “మిగిలినయి ఇడిసిపెట్టుండ్రి సార్. గీ మెడ మీది దెబ్బ ఒక్కటి చెప్పుండ్రి.”

సదానందం అప్పుడు అతనివైపు సరిగ్గా చూశాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పని అని మొదటిరోజే చెప్పాడు. యాభై దాటిన మనిషి. కొన్నాళ్లుగా సాయంత్రం బస్సు దిగి వచ్చి, క్లాసు అయిపోయేదాకా గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు. పిల్లలు ఇద్దరిద్దరుగా తలపడుతుంటే వాళ్ల చేతుల్ని, కాళ్లని చూడడు. మెడలే చూస్తాడు. చూస్తూ చూస్తూ తన మెడ వెనక వేళ్లతో తడుముకుంటాడు. అందరూ వెళ్లాక ఫోను తీస్తాడు. బొమ్మ మారుతుంది గానీ దెబ్బ మారదు.

“మీ పోరడు చూస్తడా గివి?” అని ఒకసారి అడిగితే, “సూసెటోడు. ఫోను వానిదే” అన్నాడు. పిల్లవాడి ఫోను లాక్కుని తండ్రే మరిగాడన్నమాట అని సదానందం లోపల నవ్వుకున్నాడు.

ఈరోజు ఆ నవ్వు నిలవలేదు. అంబదాస్ ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నాడు.

“ఒక్క దెబ్బతోని అయిపోతదా సార్? ఎనకనుంచి కొడితే ముందుగాల తెలుస్తదా? ఒర్రుతడా, ఒర్రకుంటనే పోతదా పానం?”

“ఎవ్వలను కొడ్దామనుకుంటున్నవన్నా?”

“ఎవ్వలను గాదు సార్.” ఆ మాట అతను నేల చూస్తూ అన్నాడు.

“మరి గింత దూరం వచ్చి గిదే ఎందుకు అడుగుతున్నవ్?”

“సోమారం కోర్టుల పేశి ఉన్నది. గాలోపల తెలుసుకోవాలె.”

“పేశికీ, దీనికీ ఏం సంబంధం?”

“వాడు బెయిల్ మీద బయటికొచ్చిండు. గాడ నా ముందలనే నిలవడ్తడు. వాని మొకం సూడాలె గద సార్.”

సదానందం తువ్వాలు పక్కన పడేశాడు. “భూమి పంచాయితా?”

“నాకు భూమేడిది సార్?”

బయట పిల్లల సైకిళ్ల చప్పుడు కూడా ఆగిపోయింది. హాల్లో వాళ్లిద్దరే మిగిలారు. కోర్టు వరండాలో జనం మధ్య ఈ మనిషి ఎవడి వెనకకో నడుచుకుంటూ పోవడం సదానందం కళ్లకు కట్టింది.

అసలు సంగతి ఆయనకు తెలుసు. బొమ్మలు గీసేవాళ్లు గీసేవి చాలావరకు అబద్ధాలే. కానీ ఈ దెబ్బలో సగం నిజముంది. కుర్రతనంలో ఒక పోటీలో కళ్లారా చూశాడు. దెబ్బ పొరపాటున తగలరానిచోట తగిలింది. ఆ కుర్రాడు చప్పుడు లేకుండా కూలిపోయాడు, మళ్లీ లేవలేదు. ఏమైందో కూడా వాడికి తెలిసుండదు అన్నాడు డాక్టరు. సదానందం ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇప్పుడా నిజం ఈ మనిషికి చెప్పడమంటే పగబట్టినవాడి చేతికి కత్తి అందించడమే. అబద్ధమాడి అయినా భయపెట్టాలి, ఒక ప్రాణం నిలబెట్టాలి అనుకున్నాడు.

“గట్ల నిద్రవోయినట్టు పడడన్నా. అంతా అబద్ధం” అన్నాడు గొంతు పెంచి. “తెలివి తప్పదు. కాళ్లు చేతులు కదలవు గని నొప్పి మొత్తం తెలుస్తది. ఊపిరాడక లోపల్లోపల తన్లాడుతడు. గంటలకొద్ది.”

అంబదాస్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “గంటలకొద్దా?”

“మరి? అవ్వా, బాపూ అని ఒర్రుతడు.”

“బాపును పిలుస్తడా?”

మాట సూటిగా తగిలిందని సదానందానికి అర్థమైంది. ఇక వదల్లేదు.

“పిలుస్తడు. పానం వొయ్యేదాంక పిలుస్తనే ఉంటడు. గా ఒర్రుడు ఇన్నోడు మల్ల జన్మల ఎవ్వని మీద చెయ్యెత్తడు. అసొంటి పాపం నీకెందుకన్నా?”

అంబదాస్ చాప మీద కూలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. సదానందం గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. హమ్మయ్య, మనిషి మెత్తబడ్డాడు. సోమవారం గండం గడిచినట్టే. జాలి కూడా వేసింది. పక్కనే కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“పేశి సంగతి వకీలు సూసుకుంటడు. నువ్వు ఫికర్ చెయ్యకు. ఇంటికి వో అన్నా.”

అంబదాస్ మెల్లగా తలెత్తాడు.

“అయితే గా దెబ్బకు పానం వొయ్యేముందు మా పోరడు నన్ను పిలిచే ఉంటడు సార్.”