ఉమ్మడి గోడ

గోడకు అవతల ఏదో ధబ్బున పడింది. ఇల్లు చూపిస్తున్న బ్రోకర్ ఎల్లేశ్ వెంటనే వంటగది కుళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్ళు దడదడమని సింకులో పడ్డాయి.

“చూసినవా కాకా, ఎంత జోరుగొస్తున్నయో. ఇబ్రహీంపట్నంల ఇసొంటి బోరు ఏ గల్లీల లేదు.”

మల్లేశయ్య చేయి చాచి కుళాయి కట్టేశాడు.

“ఉప్పునీళ్ళేనా?” అన్నాడు, నాలుక మీద చుక్కయినా వేసుకోకుండా.

మంచి ఇల్లు ఎవడైనా చూపిస్తాడు, వంకలున్న ఇంటికి కిరాయిదారును తేవడమే పనితనం అని ఎల్లేశ్ నమ్మకం. ఈ ఇంటికి వంకలు తక్కువేం కాదు. గాలి ఇటు మళ్ళితే రాళ్ళ క్రషర్ దుమ్ము తినే కంచంలో పడుతుంది. వెనక మురికి కాలువ, దాని ఒడ్డున కుక్కల మంద. గట్టి వాన పడితే వీధంతా మోకాలి లోతు. మల్లేశయ్య ఇవన్నీ గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాడు గానీ ఒక్కదానికీ మొహం చిట్లించలేదు. యాచారం దిక్కు రైతు, భూమి పోయినవాడు, కిరాయి ఇళ్ళ సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు ఎల్లేశ్.

మల్లేశయ్య భార్య సత్తమ్మ గడప దగ్గరే నిలబడింది. కొంగున పసుపు ముడి, చేతిలో నువ్వుల నూనె సీసా. ఇల్లు చూడకముందే గడపకు పసుపు తెచ్చుకున్నారంటే బేరం సగం కుదిరినట్టే.

సున్నం వేయించడానికి వారం పడుతుందనీ, అందాకా ఇక్కడ చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళింట్లో సర్దుకొమ్మనీ ఎల్లేశ్ చెప్పి చూశాడు.

“ఉన్నరు గని, ఆళ్ళింట్ల ఉండే రివాజు మాకు లేదు. సున్నం గిన్నం ఏం వద్దు,” అన్నాడు మల్లేశయ్య. పడకగదిలోకి వెళ్ళి వేలి కణుపులతో గోడ మీద కొట్టాడు. అవతల ఎవరో మూలిగారు.

“టీవీ,” అన్నాడు ఎల్లేశ్.

“రెండిండ్లకు గోడ ఒక్కటేనా?”

దాచి లాభం లేదని ఎల్లేశ్ ఒప్పుకున్నాడు. వెనకట ఇది ఒకే ఇల్లు. అన్నదమ్ములు పంచుకుని మధ్యలో ఒంటి ఇటుక గోడ లేపారు. చప్పుడు రాకుండా ఓనరుతో ఇంకో వరుస కట్టిస్తానన్నాడు.

“వద్దు. గట్లనే ఉండనీ.”

అప్పుడే బెల్టు చప్పుడు మొదలైంది. ఒక దెబ్బ. కొంచెం ఆగి ఇంకోటి. ఆడమనిషి అరుపు సగంలో తెగిపోయింది, ఎవరో నోరు నొక్కినట్టు. ఆ వెంటనే తల వచ్చి గోడకు తగిలిందేమో, సున్నం పెళ్ళ ఒకటి ఊడి మల్లేశయ్య కాళ్ళ దగ్గర పడింది.

సత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గడప మీద కూలబడింది. ఇక ఈవిడ చచ్చినా ఒప్పుకోదని ఎల్లేశ్ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. వాడి పేరు ధర్మేందర్. క్రషర్‌లో టిప్పర్ నడుపుతాడు. ఆదివారం వస్తే తాగడం, పెళ్ళాన్ని బాదడం. ఆమె గడప దాటి ఒక్క మాట చెప్పదు.

“గల్లీల ఎవలు అడగరా?”

“అడిగితే నువ్వెవడివిరా అంటడు. ఒకపారి ఆమె తల్లిగారింటోళ్ళు వచ్చి పంచాయితీ పెట్టిన్రట కాకా. అందరి ముందట కాళ్ళు మొక్కిండట. వాళ్ళు నిజమే అనుకొని మాపటి బస్సెక్కిన్రు. బస్సు ఊరు దాటలే, ఆమె చెయ్యి ఇరగ్గొట్టిండు. వచ్చిపోయేటోళ్ళతోని ఏమైతది? వాళ్ళు పోయేదాంక ఆగుతడు, గంతే.”

మల్లేశయ్య మొహం ఇంకా గోడవైపే ఉంది.

“ఓనర్‌కు ఫోన్ చెయ్యి. ఇల్లు తీసుకుంటున్న.”

“కిరాయి జర తగ్గియ్యమని...”

“తగ్గియ్యకు. జల్ది చెయ్యి.”

బేరమాడకుండా ఇల్లు తీసుకున్నవాణ్ణి ఎల్లేశ్ ఇంతవరకూ చూడలేదు. ఓనరు సరే అన్నాడు. ఎల్లేశ్ జేబులోంచి తాళంచెవి తీసేలోపే మల్లేశయ్య దాన్ని లాక్కున్నంత పని చేశాడు.

“ఇల్లు నాదైనట్టేనా?”

“ఇయ్యాల్టి సంది నీదే కాకా.”

తాళంచెవిని రొంటిన దోపుకుని మల్లేశయ్య బయటికి నడిచాడు. గడపకు పసుపు రాయకుండానే సత్తమ్మ అతని వెంట వెళ్ళింది.

పక్కింటి తలుపుకు లోపల గడియ. మల్లేశయ్య భుజంతో ఒకసారి గుద్దాడు. రెండోసారికి గడియ ఊడి లోపల పడింది. ధర్మేందర్ వీపు ఇటు ఉంది. ఎడమచేతికి ఆమె జడ చుట్టుకుని, కుడిచేతిలో బెల్టు బకిల్ కిందికి వేలాడేలా పట్టుకుని పైకెత్తాడు. ఎత్తిన చేయి దిగలేదు. మల్లేశయ్య దాన్ని వెనకనుంచి పట్టి, మోకు పేనినట్టు మెలితిప్పాడు. ఎముక పట్‌మన్నది. ధర్మేందర్ అరుపు నోట్లో ఉండగానే మెడ పట్టుకుని మధ్యగోడకు వేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ముక్కు పగిలి సున్నం మీద రక్తం చారగా జారింది. ఆపుదామని పరుగెత్తుకొచ్చిన ఎల్లేశ్ వాకిట్లోనే నిలబడిపోయాడు.

“నువ్వెవడివిరా?” అన్నాడు ధర్మేందర్, గోడకు నొక్కుకుపోయిన నోటితో.

“పక్కింటోణ్ణి.”

కింద పడున్న మనిషి మోచేతి మీద లేచింది. పగిలిన పెదవిని చేతి వెనకతో తుడుచుకుంది. గుమ్మంలో పసుపు ముడి విప్పుతున్న సత్తమ్మను చూసింది. తర్వాత మల్లేశయ్య వైపు తిరిగి, ఏ ఆశా లేని గొంతుతో అడిగింది.

“ఈసారి ఏ బస్సుకు పోతవ్, బాపూ?”