ఎనిమిది రోజుల యజమాని

జీపు దిగిన కెప్టెన్, బిస్కట్ల ఫ్యాక్టరీ తాళంచెవులు అడిగాడు. విదేశీయుల వ్యాపారాలన్నీ ఇక సర్కారువేనని, జాబితాలో హెస్కెల్ పేరు మూడోదని చెప్పాడు.

హెస్కెల్ ఆ ఫ్యాక్టరీ యజమాని. పుట్టింది రంగూన్‌లోనే. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదుల మనవడు కాబట్టి ఆ మాట చెల్లదు.

"ఇది నాది కాదు బాబూ. ఈ వారం నాది కాదు."

"వచ్చే వారం ఎవరిదో కూడా చెప్పు, రాసుకుంటాను" అన్నాడు కెప్టెన్.

హెస్కెల్ అమ్మకం కాగితం తీశాడు. పస్కా పండగ ఎనిమిది రోజులూ పులిసే పిండి యూదుడి సొత్తుగా ఉండకూడదు. అందుకే ఏటా పిండి, పొయ్యిలు, షెడ్డుతో సహా గేటు కాపలా ముసలాయన ఫో లిన్‌కి ఒక్క క్యాట్ నోటుకి అమ్మేవాడు. తాళాలు కూడా ఇచ్చేసేవాడు. పండగ కాగానే అదే క్యాట్‌కి తిరిగి కొనేవాడు. అమ్మకం నిజమైన అమ్మకమే కావాలి. లేకపోతే దేవుడు ఒప్పడు. ఇవాళ మూడో రోజు.

కెప్టెన్ రెండుసార్లు చదివాడు. కొన్నవాడు బర్మావాడే. అయితే ఆ ముసలాడు తన నోటితో చెప్పాలన్నాడు.

హెస్కెల్ గేటు దగ్గరికి పరుగెత్తాడు. ఫ్యాక్టరీ తనదేనని ఒక్క మాట చెప్పమని బతిమాలాడు. ఫో లిన్ తాంబూలం ఉమ్మేసి మూతి తుడుచుకున్నాడు.

"అబద్ధం ఆడనని పగోడాలో నియమం పట్టానయ్యా. మీకు తెలుసుగా."

తెలుసు. పోయిన ఏడాది తన ఆలస్యం సంగతి తనే చెప్పి జీతం కోయించుకున్న మనిషి. హెస్కెల్ అతని కాళ్లు పట్టుకున్నాడు. నలభై ఏళ్ల కష్టమన్నాడు. ఆ పాపం తన నెత్తిన వేసుకుంటానన్నాడు. ఫో లిన్ కాళ్లు విడిపించుకుని జీపు వైపు నడిచాడు.

కెప్టెన్ అతన్ని పగోడా వైపు తిరిగి నిలబడమన్నాడు.

"చెప్పు తాతా. ఈ ఫ్యాక్టరీ ఎవరిది?"

ఫో లిన్ పగోడాకి చేతులు జోడించాడు. హెస్కెల్ కళ్లు మూసుకున్నాడు.

"నాదే."

కెప్టెన్ జాబితాలో మూడో పేరు కొట్టేసి, కాగితం ఫో లిన్ చేతికిచ్చి వెళ్లిపోయాడు.

హెస్కెల్ ముసలాయన భుజం మీద పడి ఏడ్చాడు. "నా కోసం నియమం తప్పావు. ఈ జన్మలో మరిచిపోను."

ఫో లిన్ కాగితం నాలుగు మడతలు పెట్టి లుంగీ మొలలో దోపుకున్నాడు.

"నేనెక్కడ తప్పానయ్యా?"