రవికె గుడ్డ కింద

బీరువా లోపలి అరలో ఇంకొకటి తగ్గింది.

వత్సల మళ్లీ తడిమి చూసింది. తాళంచెవి ఎప్పుడూ తన నడుముకే ఉంటుంది. స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం తలగడ కింద పెడుతుంది. ఆ టైముకు ఇంట్లో ఉండేది కోడలు ప్రాచి ఒక్కతే.

కొడుక్కి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఏం పోయిందని చెప్పాలి? మింగేసింది.

దెగ్లూర్ నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. మొన్న పక్కింటి మంగళ వచ్చి, "మా దేవునర్రల వెండి వస్తువొకటి కనవడ్తలేదు వత్సలక్కా" అని ఏడిస్తే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ప్రాచి ముఖం పాలిపోయింది. నాందేడ్ గల్లీలో మాటకు కాళ్లెక్కువ. అందరి కళ్లూ కొత్త కోడలి మీదే పడ్డాయి.

నిన్న ప్రాచి ఎవరితోనో ఫోన్లో గుసగుసలాడింది. "దొంగబుద్ధి కాదంట, మనసు జబ్బంట. ఆపుకుందామన్నా చెయ్యి ఆగదంట. నయమైతదని డాక్టర్ చెప్పిండు."

తలుపు చాటున విన్న వత్సల నడుముకున్న తాళంచెవిని గట్టిగా పట్టుకుంది.

ఇవాళ ప్రాచి పళ్లెం పట్టుకుని బయల్దేరింది. చైత్రమాసపు హల్దీకుంకుం పేరంటానికి రానివాళ్లకు వాయనం తనే ఇచ్చొస్తుందట. ముందు మంగళకేనట. నానబెట్టిన శనగలు, మామిడికాయ, పైన రవికె గుడ్డ. గుడ్డ కింద ఏదో ఎత్తుగా ఉంది.

అంతవరకూ బిగబట్టిన నోరు ఇక ఆగలేదు.

"ఆగు! నా బీర్వా తీసినవా? దొంగదానా!"

కొడుకు గౌరవ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా?"

"నీ పెండ్లాం ఇల్లు ఊడ్చి ఊరోళ్లకు పంచుతున్నది. గిప్పుడే దెగ్లూర్ బస్సెక్కించు!"

అతను గుడ్డ తీశాడు. శనగల మీద వెండి కుంకుమ భరిణె.

"అమ్మ బీర్వాలదేనా గిది?"

"అవు" అంది ప్రాచి, తల దించుకుని.

"నా చేతులతోని దాచుకున్నది!" అంది వత్సల.

"ఎందుకు తీసినవ్?" గౌరవ్ భార్యను అడిగాడు.

ప్రాచి అత్త వైపు ఒక్కసారి చూసింది. కళ్లనిండా నీళ్లు. "నన్నేం అడగకుండ్రి" అంది.

"అయితే బట్టలు సదురుకో" అన్నాడు గౌరవ్, పళ్లు కొరుకుతూ.

ఇక్కడి ఇళ్లలో గిన్నెకైనా గరిటెకైనా పేరు చెక్కించడం అలవాటు. తిరిగి బీరువాలో పెట్టబోతూ గౌరవ్ భరిణెను తిరగేశాడు.

అడుగున ఉన్న పేరు మంగళ.